నేసెంట్ అనే మాటను ఎక్కడ, ఎలా వాడాలి

ఇంగ్లీషు పత్రికల్లో, పరిశోధన వ్యాసాల్లో, వ్యాపార నివేదికల్లో నేసెంట్ అనే విశేషణం తరచూ తగులుతుంది. నిఘంటువు తీస్తే ‘ప్రారంభ దశలో ఉన్న’ అని ఉంటుంది. ఆ అర్థం తప్పేం కాదు. కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుని వాక్యం రాస్తే చాలాసార్లు బెడిసికొడుతుంది. నిన్న కొన్న ఫోన్ నేసెంట్ కాదు. నిన్న పుట్టిన పాపను నేసెంట్ అనరు. వచ్చే ఏడు మొదలుపెడదామనుకుంటున్న వ్యాపారం కూడా నేసెంట్ కాదు. మూడూ ప్రారంభానికి సంబంధించినవే, అయినా ఒక్కదానికీ ఈ మాట అతకదు. ఎందుకు అతకదో తెలిస్తే మిగతాదంతా తేలికవుతుంది.

పుట్టిన, పుడుతున్న

లాటిన్‌లో ‘నాస్కి’ అంటే పుట్టడం. దానినుంచి రెండు పాయలు వచ్చాయి. ‘నాటుస్’ అంటే పుట్టిన. నేటివ్, నేటల్, నేషన్, నేచర్ అన్నీ ఆ పాయలోవే. రెండోది ‘నాస్కెన్స్’, అంటే పుడుతున్న. నేసెంట్ వచ్చింది ఇక్కణ్ణుంచి. ఫ్రెంచి మీదుగా వచ్చిన రినైసాన్స్‌దీ ఇదే పాయ, దాని అర్థం మళ్ళీ పుట్టడం.

ఈ తేడాను పట్టుకోవడం తెలుగువాళ్ళకు చాలా సులువు. మన క్రియాజన్య విశేషణాల్లో అది ఎప్పటినుంచో ఉంది. పుట్టిన ఊరు, పుడుతున్న ఆలోచన. మొదటిదాంట్లో పని అయిపోయింది, రెండోదాంట్లో జరుగుతోంది. నేసెంట్ ‘-తున్న’ వైపు మాట. మొలిచిన విత్తనం కాదు, మొలుస్తున్న విత్తనం. పాప విషయంలో పుట్టడం పూర్తయిపోయింది, అందుకే అక్కడ న్యూబార్న్ అంటారు. ఫోన్ తయారై పెట్టెలోంచి బయటికొచ్చింది, ఇక అది ఎదిగేది లేదు, అందుకే అది న్యూ. అనుకుంటున్న వ్యాపారం ఇంకా మొదలే కాలేదు, అందుకే అది ప్లాన్డ్ లేదా ప్రపోజ్డ్.

సంస్కృతంలోని ‘జన్’ ధాతువు, లాటిన్ నాస్కి ఒకే పురాతన మూలంనుంచి వచ్చిన తోబుట్టువులు. జన్మ, జననం, జాతి, నవజాత అన్నీ ఆ ధాతువువే. సంస్కృతంలో ‘జాయమాన’ అన్న రూపం అచ్చంగా నేసెంట్‌కు సాటి, ‘పుడుతూ ఉన్న’ అని దాని అర్థం. తెలుగులో అది వాడుకలో లేదు కానీ, గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కొక్కెం దొరకదు.

పలకడం, రాయడం

రెండు ఉచ్చారణలూ ఒప్పే. నేసెంట్ అని ‘నే’ను సాగదీసి పలికేది అమెరికాలో ఎక్కువ. బ్రిటన్‌లో అలాగూ అంటారు, ‘న్యాసెంట్’ అని పొట్టిగానూ అంటారు. ఏది పలికినా ఊనిక మొదటి అక్షరం మీదే ఉండాలి. చివరి భాగాన్ని పర్సెంట్‌లోని ‘సెంట్’ లాగా నొక్కిపలికితే వినేవాళ్ళకు మాట ఒక్క క్షణం అందదు. అక్కడ ‘సన్ట్’ అని తేలికగా జారిపోవాలి.

స్పెల్లింగు: ఎన్, ఏ, ఎస్, సి, ఈ, ఎన్, టి. పొరపాటంతా మధ్యలోని ఎస్, సి జంట దగ్గరే జరుగుతుంది. ఎస్ ఒక్కటే రాసేవాళ్ళున్నారు, సి ఒక్కటే రాసేవాళ్ళూ ఉన్నారు. సైన్స్, సీన్, అడాలసెంట్ మాటల్లో ఉన్న జంటే ఇది అని గుర్తుపెట్టుకుంటే చాలు. ‘నాస్కెంట్’ అని సిని క లాగా పలకకూడదు. ఇంకో ఉచ్చు ఉంది. మొదటి అచ్చును ఏ బదులు ఈ చేసి, సి తర్వాత ఒక ఐ చేరిస్తే నెసియంట్ అనే వేరే మాట తయారవుతుంది. దాని అర్థం అజ్ఞాని. అక్షరదోషాలు చూసే సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పుగా చూపించదు, ఎందుకంటే అదీ నిఘంటువులో ఉన్న మాటే.

వాడేముందు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు

ఒకటి: నిజంగా మొదలైందా? కాగితం మీద పథకంగా ఉన్నదానికి, మనసులో కోరికగా ఉన్నదానికి నేసెంట్ పనికిరాదు. కంటికి కనిపించే గుర్తు ఏదో ఒకటి ఉండాలి. నలుగురు కలిసి సమావేశమైతే అది నేసెంట్ ఉద్యమం అవుతుంది. కలవాలని ఒకరికి అనిపిస్తే అవదు.

రెండు: రూపం ఇంకా పూర్తిగా రాలేదా? నియమాలు కుదరలేదు, మనుషులు కుదురుకోలేదు, హద్దులు తేలలేదు అన్న పరిస్థితి ఉండాలి. నిన్ననే తెరిచినా, అన్ని హంగులతో మొదటిరోజునుంచే పూర్తిస్థాయిలో నడుస్తున్న ఆసుపత్రి న్యూ అవుతుంది కానీ నేసెంట్ కాదు.

మూడు: ఇంకా ఎదుగుతుందన్న ఆశో అంచనాయో ఉందా? దీన్ని ఎక్కువమంది మరిచిపోతారు. చిన్నదిగా ఉండి చిన్నదిగానే ఉండిపోయేది స్మాల్. ఎదగకుండా ఆగిపోయింది స్టంటెడ్. నేసెంట్ అన్న మాటలో ముందున్న దారి కూడా కలిసే ఉంటుంది. అందుకే ఈ మాట తర్వాత వచ్చే వాక్యంలో ఆ పెరుగుదల సంగతో, దానికొచ్చిన అడ్డంకి సంగతో వస్తే చదవడానికి నిండుగా ఉంటుంది.

మూడింటికీ అవునని జవాబు వస్తే నిస్సందేహంగా వాడవచ్చు. ఎంతకాలం నేసెంట్ అనవచ్చో గడువేమీ లేదు, అది ఆ వస్తువు స్వభావాన్ని బట్టి ఉంటుంది. కణంలో తయారవుతున్న ప్రోటీన్ కొన్ని సెకన్లపాటో నిమిషాలపాటో నేసెంట్. ప్రజాస్వామ్యం పదేళ్ళు గడిచినా నేసెంట్ కావచ్చు. 1903లో రైట్ సోదరుల విమానం ఎగిరింది, ఆ తర్వాత మరో పదేళ్ళదాకా విమానయానాన్ని నేసెంట్ అన్నా ఎవరూ తప్పుపట్టరు. ఇవాళ అంటే తప్పు.

వాక్యంలో దాని చోటు

ఎక్కువగా నామవాచకానికి ముందు నిలబడుతుంది. ‘ఎ నేసెంట్ ఇండస్ట్రీ’, ‘ద నేసెంట్ డెమోక్రసీ’, ‘నేసెంట్ టెక్నాలజీ’, ‘నేసెంట్ మూవ్‌మెంట్’, ‘నేసెంట్ మార్కెట్’, ‘నేసెంట్ రికవరీ’. ముందు వచ్చేది ‘ఎ’నే, ‘యాన్’ కాదు. మనసుకు సంబంధించిన వాటితోనూ బాగా కలుస్తుంది: నేసెంట్ ఇంట్రెస్ట్, నేసెంట్ హోప్, నేసెంట్ సస్పిషన్. ఈ మూడో ఉదాహరణ చూశారా, అనుమానం మంచిదేమీ కాదు. ఈ మాటకు మంచిచెడుల పట్టింపు లేదు, తిరుగుబాటుకూ వాడవచ్చు, స్నేహానికీ వాడవచ్చు.

క్రియ తర్వాత పెట్టాలంటే సాధారణంగా స్టిల్ తోడు కావాలి. ‘ద ఫీల్డ్ ఈజ్ స్టిల్ నేసెంట్’ అంటే నిండుగా ఉంటుంది. స్టిల్ తీసేసి ‘ద ఫీల్డ్ ఈజ్ నేసెంట్’ అంటే వ్యాకరణం తప్పదు కానీ వాక్యం సగంలో ఆగినట్టు వినిపిస్తుంది.

గడిచిన కాలం గురించి రాసేటప్పుడు ముందు దెన్ చేర్చే పద్ధతి ఒకటుంది. ‘ద దెన్ నేసెంట్ రేడియో ఇండస్ట్రీ’ అంటే అప్పట్లో అంకుర దశలో ఉన్న, ఇప్పుడు కాని, రేడియో పరిశ్రమ అని. చరిత్ర రాసేవాళ్ళకు ఇది చాలా అక్కరకొస్తుంది. వాక్యంలో ఏడాది ముందే చెప్పేసి ఉంటే దెన్ అవసరం లేదు.

స్టేజ్‌తో కలిపి రాయడం మన దేశపు ఇంగ్లీషులో విపరీతంగా ఉంది: ‘ఇన్ ఇట్స్ నేసెంట్ స్టేజ్’, ‘ఎట్ ఎ నేసెంట్ స్టేజ్’. రెండూ చెల్లుతాయి. ‘ఆన్ ఎ నేసెంట్ స్టేజ్’ మాత్రం చెల్లదు, అక్కడ స్టేజ్ అంటే నాటకం వేసే వేదిక అయిపోతుంది. అయితే ఒక సలహా. నేసెంట్‌లోనే దశ అన్న భావం ఉంది కాబట్టి, ‘ద ప్రాజెక్ట్ ఈజ్ ఇన్ ఇట్స్ నేసెంట్ స్టేజ్’ కన్నా ‘ద ప్రాజెక్ట్ ఈజ్ స్టిల్ నేసెంట్’ బిగువుగా ఉంటుంది. ‘ఇనీషియల్ నేసెంట్ స్టేజ్’, ‘నేసెంట్ బిగినింగ్’ అని రాయడం మాత్రం ‘నడిమధ్య సెంటర్’ అన్నట్టే. ఒకే సంగతి రెండుసార్లు చెప్పినట్టవుతుంది.

‘మోర్ నేసెంట్’, ‘మోస్ట్ నేసెంట్’, ‘వెరీ నేసెంట్’ అక్కడక్కడా కనబడతాయి కానీ బలహీనం. పోల్చి చెప్పాలంటే ‘రిలేటివ్లీ నేసెంట్’ మేలు. క్రియావిశేషణ రూపం నేసెంట్లీ నిఘంటువులో ఉన్నా వాడేవాళ్ళు అరుదు, మానెయ్యడమే మంచిది. నామవాచకాలు నేసెన్స్, నేసెన్సీ. వాటి అవసరమూ తక్కువే.

మాటకు దుస్తులు కాస్త పెద్దమనిషి తరహావి. పత్రికా వ్యాసం, పరిశోధన, నివేదిక, ఉపన్యాసం దీని చోట్లు. ఎదురుగా ఉన్న స్నేహితుడితో ‘మై బిజినెస్ ఈజ్ నేసెంట్’ అంటే బిగుసుకుపోయినట్టు ఉంటుంది, ‘ఇట్స్ జస్ట్ గెటింగ్ స్టార్టెడ్’ అంటే సరిపోతుంది.

మనుషులకు వాడవచ్చా

సాధారణంగా వద్దు. ఎదుగుతున్న గాయని బడింగ్ సింగర్ అవుతుంది, నేసెంట్ సింగర్ కాదు. ఆమె ప్రతిభను నేసెంట్ టాలెంట్ అనవచ్చు, ఆమె వృత్తిని నేసెంట్ కెరీర్ అనవచ్చు, మనిషిని మాత్రం కాదు. దీనికి స్థిరపడిన మినహాయింపు ఒకటుంది. వ్యాపార పరిశోధనలో నేసెంట్ ఆంత్రప్రెన్యూర్ అనేది పారిభాషిక పదం. దేశదేశాల్లో వ్యాపార ప్రారంభాలను లెక్కించే గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ మానిటర్ సర్వే దీనికి గట్టి హద్దు గీసింది. సంస్థను నెలకొల్పే పనిలో చురుగ్గా ఉండి, ఇంకా 3 నెలలకు మించి జీతాలుగానీ యజమానికి సొమ్ముగానీ చెల్లించని వ్యక్తి నేసెంట్. 3 నెలలు దాటి 42 నెలల లోపు చెల్లిస్తూ ఉంటే కొత్త వ్యాపార యజమాని. ఇలాంటి చోట నేసెంట్‌ను అందం కోసం మార్చి బడింగ్ అని రాస్తే లెక్కే మారిపోతుంది.

సిఫార్సు లేఖల్లో జాగ్రత్త అవసరం. విద్యార్థి గురించి ‘హర్ నేసెంట్ అనలిటికల్ స్కిల్స్’ అని రాస్తే పొగిడినట్టు అనిపిస్తుంది కానీ, చదివేవాళ్ళకు ‘ఇంకా రాలేదు, ఇప్పుడిప్పుడే వస్తున్నాయి’ అని వినిపిస్తుంది. ఆ ఉద్దేశం లేకపోతే ఆ మాట తీసేయాలి. పరిశోధనా రంగం కొత్తదని చెప్పడానికి వాడితే ఎవరికీ నష్టం లేదు.

ఇరుగుపొరుగు మాటలతో తేడా

తికమకంతా ఇక్కడే ఉంటుంది కాబట్టి కాస్త తీరిగ్గా చూడాలి.

ఇన్సిపియెంట్ కూడా ‘మొదలవుతున్న’ అనే అర్థమే ఇస్తుంది. వాడుకలో అది రోగాలు, పగుళ్ళు, గొడవల వైపు ఒరిగింది. పంటి వైద్యంలో ఇన్సిపియెంట్ కేరీస్ అంటే ఇంకా గొయ్యి పడని దశ. పంటి పైపొరలో ఖనిజం కరిగి, సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ మాత్రమే కనిపిస్తుంది. అప్పుడే పట్టుకుంటే గొయ్యి పడకుండా ఆపవచ్చు. ఈ మాట వెనకున్న ధోరణి ఇదే, ఇంకా ముదరలేదు, ఇప్పుడే చూసుకో అని. నేసెంట్ ఎదగనివ్వమంటే ఇన్సిపియెంట్ ఆపమంటుంది. ఇది కచ్చితమైన నియమం కాదు కానీ, మంచి రచయితల వాక్యాలు ఎక్కువగా ఈ గీత మీదే నడుస్తాయి. నేసెంట్ డిసీజ్ అని రాస్తే అందుకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇంకోయెట్ అనేది నాకు ఈ గుంపులో అన్నిటికన్నా ముద్దొచ్చే మాట. స్పెల్లింగులో మధ్యన సి, హెచ్ ఉన్నాయి కదా అని ‘ఇంచోట్’ అంటారు చాలామంది. అక్కడ పలికేది క. దాని లాటిన్ మూలం నాగలి కర్రను కాడికి బిగించే తోలుపట్టీ దగ్గరికి పోతుంది. ఎద్దుల్ని కట్టారు, పట్టీ బిగించారు, చాలులో కర్రు ఇంకా దిగలేదు. సరిగ్గా అదే దీని అర్థం. మొదలైంది కానీ రూపం రాలేదు, చిక్కుముడిగా ఉంది. కోపమో బాధో ఏదో తెలియని గందరగోళంలో ఉంటే ‘ఇంకోయెట్ ఫీలింగ్స్’ అంటారు. న్యాయశాస్త్రంలో ఇంకోయెట్ నేరాలు అంటే ప్రయత్నం, కుట్ర, ప్రేరేపణ. అసలు నేరం జరగకపోయినా ఆ దిశగా అడుగు పడింది కాబట్టి శిక్ష ఉంటుంది. అక్కడ నేసెంట్ రాస్తే లాయరు నవ్వడు, దిద్దుతాడు.

ఎంబ్రియోనిక్ అంటే పిండ దశ. నేసెంట్ కన్నా ఒక మెట్టు ముందు. లోపల రూపు కడుతోంది, బయటి లోకానికి ఇంకా తెలియదు. రచనకు ముందు రాసుకున్న నాలుగు పంక్తుల ప్రణాళిక ఎంబ్రియోనిక్, మొదటి అధ్యాయం నలుగురి చేతుల్లోకి వెళ్ళాక అది నేసెంట్.

ఫ్లెజ్లింగ్ అంటే ఈకలొచ్చి ఎగరడం నేర్చుకుంటున్న పక్షిపిల్ల. సంస్థలకు, మనుషులకు, దేశాలకు చక్కగా సరిపోతుంది. అనుభవం లేకపోవడం, పడిపోయే ప్రమాదం అందులో కనిపిస్తాయి. నేసెంట్‌లో ఆ జాలి ఉండదు.

ఇన్ఫంట్ ఇండస్ట్రీ అనేది అర్థశాస్త్రంలో ఒక వాదనకు పేరు. 1791లో అమెరికా ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ నివేదికలోనూ, 1841లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ లిస్ట్ గ్రంథంలోనూ ఆ వాదన బలంగా కనిపిస్తుంది. కొత్త పరిశ్రమ విదేశీ పోటీని తట్టుకునేదాకా సుంకాల రక్షణ ఇవ్వాలన్నది దాని సారం. అందుకని ఇన్ఫంట్ ఇండస్ట్రీ అంటే రక్షించమని అడిగినట్టు, నేసెంట్ ఇండస్ట్రీ అంటే ఉన్న స్థితి చెప్పినట్టు.

రుడిమెంటరీ అంటే ప్రాథమికమైన, ఎదగని. ఎదుగుతుందన్న హామీ లేదు. ఈ తేడాను చార్లెస్ డార్విన్ శ్రద్ధగా పాటించాడు. ఎందుకూ పనికిరాని స్థితికి చేరిన అవయవాలను రుడిమెంటరీ అన్నాడు. చిగురునుంచి ఎన్నడూ బయటికి రాని పళ్ళు దానికి ఉదాహరణ. ఎంత కొద్దిగా ఏర్పడినా ఉపయోగపడుతూ, ఇంకా అభివృద్ధి చెందగలవాటిని నేసెంట్ అన్నాడు. కంటికి రెండూ ఒక్కలాగే చిన్నగా కనిపిస్తాయి, వాటిని విడదీయడం కష్టమని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. ఒకటి వెనక్కి పోతున్నది, ఇంకొకటి ముందుకు వస్తున్నది. మూడో ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో దీనికన్నా బాగా చూపించే ఉదాహరణ లేదు.

ఎమర్జింగ్ అంటే ఇప్పటికే పైకి తేలి అందరి కంటా పడుతున్నది, నేసెంట్ కన్నా ఒక మెట్టు తర్వాత. బర్జనింగ్ అంటే మొదట చిగురు వేయడమే అయినా ఇప్పటి వాడుకలో వేగంగా విస్తరించడం. జనాభాకు, అప్పులకు, మార్కెట్లకు వాడతారు. లేటెంట్ అంటే దాగి ఉన్నది, ఇంకా మొలకెత్తలేదు. ప్రికోషస్ అంటే తొలిదశ కాదు, వయసుకు మించి ముందే పక్వానికి రావడం.

ఎదురు మాట కావాలంటే సందర్భాన్ని బట్టి: పూర్తిగా ఎదిగినదానికి మెచ్యూర్ లేదా ఎస్టాబ్లిష్డ్, పోతున్నదానికి మోరిబండ్, కాలం చెల్లిపోతున్నదానికి ఆబ్సొలెసెంట్. అన్నిటికన్నా అందమైన జోడీ న్యూటన్ దగ్గర దొరుకుతుంది. 1687లో అచ్చయిన తన లాటిన్ గ్రంథంలో ఆయన కలనగణితానికి (కాలిక్యులస్‌కు) పునాది వేస్తూ నేసెంట్ రాశుల తొలి నిష్పత్తులు, ఎవనెసెంట్ రాశుల చివరి నిష్పత్తులు అని జంటగా మాట్లాడతాడు. సున్నానుంచి అప్పుడే పుడుతున్న రాశి ఒకటి, సున్నాలోకి కరిగిపోతున్న రాశి ఇంకొకటి.

సైన్సులో ఈ మాట

రసాయన శాస్త్రం చదివినవాళ్ళకు నవజాత హైడ్రోజన్, నవజాత ఆక్సిజన్ గుర్తుండే ఉంటాయి. నేసెంట్ హైడ్రోజన్‌కు పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు అది. ప్రయోగం ఇలా ఉంటుంది. పసుపుపచ్చని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలోకి బయటినుంచి గొట్టంతో హైడ్రోజన్ వాయువు పంపితే బుడగలు పైకి పోతాయి, రంగు మారదు. అదే ద్రావణంలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, నాలుగు జింకు పలుకులు వేస్తే, పలుకుల చుట్టూ బుడగలు లేస్తూ ఉండగానే పసుపు నెమ్మదిగా తగ్గి లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. ఫెర్రిక్ లవణం ఫెర్రస్ అయింది. పుడుతున్న క్షణంలోని హైడ్రోజన్‌కు, పుట్టి అణువుగా జతకట్టిన హైడ్రోజన్‌కు లేని చురుకుదనం ఉంటుందని 19వ శతాబ్దంలో దీన్ని వివరించారు. ఇప్పుడు రసాయన శాస్త్రవేత్తలు ఆ వివరణను దాదాపు పక్కన పెట్టారు. లోహపు ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు నేరుగా ద్రావణంలోని అయాన్లకు చేరడం వంటి కారణాలు చెబుతున్నారు. కాబట్టి పాఠంలో మాట తెలిసి ఉండాలి, కొత్తగా రాసే వివరణలో దాని మీద ఆధారపడకూడదు.

జీవశాస్త్రంలో మాత్రం ఈ మాట ఇవాళ్టికీ నిక్షేపంగా పనిచేస్తోంది. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద ఒక్కొక్క అమైనో ఆమ్లం చేరుతూ పొడవవుతున్న గొలుసు నేసెంట్ పాలీపెప్టైడ్. దాని మొదటి కొస బయటపడేముందు 30 నుంచి 40 అమైనో ఆమ్లాల మేర రైబోజోమ్ సొరంగంలోనే దాగి ఉంటుంది. గొలుసు పూర్తయి విడిపోయిందంటే అది నేసెంట్ కాదు. ఇక్కడ ‘కొత్త ప్రోటీన్’ అని అనువదిస్తే తప్పు, ‘తయారవుతున్న గొలుసు’ అనాలి. డీఎన్ఏ నుంచి నకలు అవుతున్న నేసెంట్ ఆర్ఎన్ఏకూ ఇదే సూత్రం.

నేసెంట్ స్టేట్ అన్న జంట కనిపిస్తే చుట్టుపక్కల వాక్యాలు చూడకుండా అర్థం చెప్పకూడదు. రసాయనంలో అది పుడుతున్న స్థితి. రాజకీయంలో రూపుదిద్దుకుంటున్న రాజ్యం.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

తెలుగు అనువాదాల్లో ‘నవజాత’ను ప్రతిచోటా దించేస్తున్నారు. నవజాత ప్రజాస్వామ్యం, నవజాత పరిశ్రమ. శిశువుకూ రసాయనానికీ తప్ప అది మరెక్కడా ఇమడదు. పైగా అది ‘పుట్టిన’ వైపు మాట, ‘పుడుతున్న’ వైపు కాదు. మన దగ్గర ఇంతకన్నా ప్రాణమున్న మాటలు బోలెడున్నాయి.

అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ‘ఇప్పుడిప్పుడే’ లేదా ‘అప్పుడప్పుడే’ పెట్టి ‘-తున్న’ క్రియ వాడటం. వర్తమానానికి మొదటిది, గతానికి రెండోది. క్రియ మాత్రం నామవాచకాన్ని బట్టి మారాలి. పరిశ్రమ నిలదొక్కుకుంటుంది. ఉద్యమం తలెత్తుతుంది లేదా రాజుకుంటుంది. ఆలోచన మొలకెత్తుతుంది. దేశం రూపుదిద్దుకుంటుంది. అనుమానం పొడసూపుతుంది. ప్రేమ చిగురిస్తుంది. ఆర్థిక పరిస్థితి కోలుకుంటుంది. ఇంగ్లీషు ఒక్క విశేషణంతో సరిపెట్టిన పనికి తెలుగు ఇన్ని క్రియలు ఇస్తోంది, వాటిని వాడుకోకపోవడం అన్యాయం.

విశేషణంగానే కావాలంటే అంకుర దశ, శైశవ దశ, తొలిదశ ఉన్నాయి. స్టార్టప్‌ను పత్రికలు అంకుర సంస్థ అంటున్నాయి కాబట్టి, అంకుర పరిశ్రమ అంటే ఎవరికైనా తెలుస్తుంది. ఉదయోన్ముఖ, వర్ధమాన అనేవి కళాకారులకు, రచయితలకు, క్రీడాకారులకు కుదురుకున్న మాటలు, అవి బడింగ్‌కు సాటి, నేసెంట్‌కు కాదు. కాస్త చనువుగా రాసే వ్యాసంలో ‘ఓనమాలు దిద్దుకుంటున్న’, ‘తప్పటడుగులు వేస్తున్న’, ‘ఊపిరి పోసుకుంటున్న’ చక్కగా పడతాయి. తప్పటడుగుల్లో తడబాటు ఉంది కాబట్టి మూలంలో ఆ భావం ఉంటేనే వాడాలి.

ఒక వాక్యం పట్టుకుని చూద్దాం. ‘ద నేసెంట్ మూవ్‌మెంట్ వాజ్ క్రష్డ్ వితిన్ వీక్స్.’ మాటకు మాట పెడితే ‘నవజాత ఉద్యమం వారాల లోపల అణచివేయబడింది’ అని వస్తుంది. మూడు చోట్ల ఇది తెలుగు కాదు. ముందు ‘అణచివేయబడింది’ని ‘అణిచేశారు’ చేయాలి, అప్పుడు ఉద్యమానికి ‘ను’ చేరుతుంది. ‘వారాల లోపల’ను ‘వారాల్లోనే’ చేయాలి, ఆ ‘ఏ’లోనే త్వరగా అన్న ఆశ్చర్యం ఉంది. చివరికి నేసెంట్: ‘అప్పుడప్పుడే తలెత్తుతున్న ఉద్యమాన్ని వారాల్లోనే అణిచేశారు.’ ఇంకొంచెం స్వేచ్ఛ ఉంటే విశేషణాన్నే తీసేసి, ‘ఉద్యమాన్ని వారాల్లోనే మొగ్గలో తుంచేశారు’ అనవచ్చు. మొగ్గలోనే నేసెంట్ ఉంది, తుంచడంలోనే క్రష్డ్ ఉంది. పత్రికకైతే రెండోది, చరిత్ర పుస్తకానికైతే మొదటిది.

తెలుగునుంచి ఇంగ్లీషుకు పోయేటప్పుడు ఇదే దారి తిరగేయాలి. ‘సౌరశక్తి పడవల తయారీ ఇంకా ఓనమాలు దిద్దుకుంటోంది’ అన్న వాక్యంలో ఓనమాలను అనువదించబోతే దారి తప్పుతాం. ముందు ‘ఇంకా’ను స్టిల్‌గా నిలుపుకోవాలి, తర్వాత ‘దిద్దుకుంటోంది’ని నేసెంట్‌లో ఇమడ్చాలి: ‘సోలార్ బోట్ బిల్డింగ్ ఈజ్ స్టిల్ ఎ నేసెంట్ ఇండస్ట్రీ.’

చేయి తిరగడానికి

కింది ఖాళీల్లో ఏ మాట పడుతుందో ముందు మీరే అనుకుని, తర్వాత జవాబు చదవండి.

‘ద డెంటిస్ట్ ఫౌండ్ — డికే ఇన్ టూ టీత్.’ ఇన్సిపియెంట్. ఆపవలసిన చెడు, తొలిదశలో ఉంది.

‘షీ ఈజ్ ఎ — వయలినిస్ట్.’ బడింగ్. మనిషి కాబట్టి.

‘ద సిటీస్ — పాపులేషన్ హాజ్ డబుల్డ్ ఇన్ టెన్ ఇయర్స్.’ బర్జనింగ్. రెట్టింపైన జనాభాను పుడుతున్నదని అనలేం.

‘హి ట్రైడ్ టు పుట్ హిజ్ — గ్రీఫ్ ఇన్‌టు వర్డ్స్.’ ఇంకోయెట్ మేలు. మాటల్లో పెట్టడానికి తంటాలు పడుతున్నాడంటే అసలు చిక్కు రూపం లేకపోవడమే. దుఃఖం అప్పుడే మొదలైందని చెప్పడమే ఉద్దేశమైతే నేసెంట్ కూడా పడుతుంది కానీ, వాక్యం ఆ వైపు మొగ్గడం లేదు.

‘ఇన్ 1910, ద — ఏవియేషన్ ఇండస్ట్రీ హాడ్ ఫ్యూ రూల్స్.’ నేసెంట్. మొదలైంది, రూపం రాలేదు, ఎదుగుతోంది. ఏడాది ముందే ఉంది కాబట్టి దెన్ అక్కర్లేదు.